మూలప్రశ్నను జతపరచవలెను

మా ఆఫీసు కంప్యూటరు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు రావడానికి నాలుగున్నర నెలలు పట్టింది. ఆ జవాబు ఏమిటో చివర చెబుతాను. ఈలోగా పద్దెనిమిది వందల మామిడి అంట్లు ఎండలో ఉన్నాయి కాబట్టి ముందు వాటి సంగతి చూడాలి.

మాది మొక్కల ఆరోగ్య తనిఖీ ఉపకార్యాలయం. గోదావరి పక్కన, నర్సరీల ఊళ్ళ మధ్య ఉంటుంది. ఇక్కడి నుంచి ఏ మొక్క పొరుగు రాష్ట్రానికి వెళ్ళాలన్నా దానికి పురుగూ తెగులూ లేవని మేము ఆరోగ్యపత్రం ఇవ్వాలి. పత్రం లేని లారీని దారిలో మా శాఖ చెక్‌పోస్టు ఆపేస్తుంది. ముప్ఫై ఏళ్ళుగా ఆ పత్రాలను పచ్చ అట్ట పుస్తకాల్లో చేత్తో రాసేవాళ్ళం. నా అక్షరాలు గుండ్రంగా ఉంటాయని ఆ పని నాకే ఇచ్చారు. పదకొండేళ్ళలో కొన్ని లక్షల మొక్కలు కులాసాగా ఉన్నాయని రాసి ఉంటాను.

జూన్ ఒకటో తేదీన పచ్చ పుస్తకాలన్నీ వెనక్కి తీసేసుకున్నారు. ప్రధాన కార్యాలయం వారు స్వేచ్ఛా సాంకేతిక వారోత్సవాలు జరుపుతూ, ప్రతి ఆఫీసుకూ లినక్స్ అనే ఉచిత వ్యవస్థతో నడిచే కంప్యూటరు ఒకటి పంపారు. ఇకమీదట ఆరోగ్యపత్రాలు ‘హరితపత్ర’ అనే పనిముట్టు ద్వారానే తీయాలట. దానికి బొమ్మలూ బొత్తాలూ ఏమీ ఉండవు. నల్లటి తెర మీద దాని పేరు టైపు చేస్తే వచ్చి పని చేస్తుంది.

“పేరు పెట్టి పిలిస్తే పలుకుద్దండి. కాకపోతే ముందు దాన్ని మన ఇంటికి తెచ్చుకోవాలి,” అంది నాగజ్యోతి. మా ఆఫీసులో కంప్యూటరు తెలిసిన మనిషి నాగజ్యోతి ఒక్కతే. కాంట్రాక్టు మీద ఉంది. అందుకని ఆఫీసులో ఆమె మాటకు విలువ లేదు.

మా అధికారి ప్రభాకరం గారు సహాయ సంచాలకులు. అప్పటికి ఆరు నెలల్లో రిటైర్మెంటు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో ఆయన మీద ఒక్క మెమో లేదు, ఒక్క ఆరోపణ లేదు, ఒక్క నిర్ణయం కూడా లేదు. కొబ్బరికాయ కొట్టి, కంప్యూటరుకు బొట్టు పెట్టి, నల్లతెర చూసి కొంచెం వెనకాడారు.

“ఇది కాలిపోలేదు కదా?”

“లేదండి. ఇది ఇలాగే ఉంటదండి. అయితే దీన్లో ముందుగా...”

“అడిగినప్పుడు చెబుదువు గానిలే అమ్మా. అడక్కుండా ఏదీ చెప్పకు. ఆఫీసు క్రమశిక్షణలో అది మొదటిది.”

నాగజ్యోతి సరేనంది. ఈ మాట గుర్తుంచుకోవాలి.

హరితపత్రను ఎలా తెచ్చుకోవాలో ఒక సర్క్యులరు వచ్చింది. అందులో టైపు చేయాల్సిన మాటలు ఒక వరుసలో ఉన్నాయి. చివర చుక్క ఉంది. నాగజ్యోతి ఆ చుక్క వదిలేయబోయింది.

“చుక్క ఏదీ?” అన్నారు ప్రభాకరం గారు.

“అది వాక్యం అయిపోయిందని టైపిస్టు గారు పెట్టిందండి. మిషనుకి అక్కర్లేదు.”

“కింద సంచాలకుల వారి సంతకం ఉంది. వారు సంతకం చేసిన చుక్కని తీసెయ్యడానికి మనమెవరం?”

చుక్కతో సహా కొట్టింది. అలాంటిదేదీ నా దగ్గర లేదంది కంప్యూటరు. ప్రభాకరం గారు దానికేసి కాసేపు చూసి టీకి వెళ్ళారు. ఆయన వెళ్ళగానే చుక్క పోయింది. ఈసారి, లోపల ఇంకో పని జరుగుతోంది, ఆగమంది. పావుగంట ఆగాం. తర్వాత, హరితపత్ర ఒంటరిగా రాదు, దానికి తోడుగా ఉండవలసినవి దొరకలేదంది.

“సరుకుల చీటీ పాతదండి. ఏ కొట్లో ఏముందో దీనికి తెలీదు. కొత్త చీటీ తెప్పించుకుంటే అన్నీ దొరుకుతాయి,” అని నాగజ్యోతి ఏదో కొట్టింది. తెర మీద అక్షరాలు బిలబిలమంటూ పరుగెత్తాయి. పన్నెండు గంటలకల్లా ఆ పిల్ల మూడు అడ్డంకులూ దాటించేసింది. వాటిలో ఏదీ మమ్మల్ని ఇబ్బంది పెట్టలేదు. ఎందుకంటే అవి ప్రశ్నలు కావు, ఆరోపణలు. ఆరోపణలకు జవాబు చెప్పే అలవాటు మా శాఖలో ఎన్నడూ లేదు.

పన్నెండూ పదికి కంప్యూటరు ప్రశ్న అడిగింది.

హరితపత్రతో పాటు దానికి తోడుగా ఉండేవి మూడు కూడా వస్తాయని, కొనసాగించమంటారా అని రాసి, పక్కన ఇంగ్లీషులో పెద్ద వై, ఒక గీత, చిన్న ఎన్ పెట్టి కూర్చుంది. వై అంటే ఊఁ, ఎన్ అంటే ఊహూఁ. నాగజ్యోతి వేలు వై మీదికి వెళ్ళింది.

“ఆగమ్మా!” అని గుమ్మంలోంచి ప్రభాకరం గారు కేకేశారు. ఆయన చేతిలో టీ తొణికింది. “ప్రశ్న అడిగిందా?”

“అడిగిందండి. ఊఁ అంటే అయిపోద్దండి.”

“అరుంధతి గారూ, సర్క్యులరు తీయండి.”

నేను తీశాను. కిందటేడు మా శాఖ ఆఫీసు ఒకదానిలో, పాతవి తీసెయ్యమంటారా అని కంప్యూటరు అడిగితే ఎవరో పకోడీలు తింటూ ఊఁ అన్నారు. మూడేళ్ళ కొబ్బరిమొక్కల రికార్డు పోయింది. ఆ దెబ్బకి వచ్చిన సర్క్యులరు అది. నేను పైకి చదివాను.

“కార్యాలయ యంత్రములు సంధించు ప్రశ్నలకు దిగువ సిబ్బంది స్వంతముగా సమాధానమివ్వరాదు. ప్రశ్నను యథాతథముగా పైకి సమర్పించి, లిఖితపూర్వక ఉత్తర్వు పొందిన పిమ్మటనే సిబ్బంది మీట నొక్కవలెను. ఉత్తర్వు అందువరకు సదరు ప్రశ్నను చెక్కు చెదరకుండ భద్రపరచవలెను.”

“దిగువ అంటే ఎవరండీ?” అంది నాగజ్యోతి.

“సంచాలకుల వారికి దిగువ. అంటే నాతో సహా అందరం,” అన్నారు ప్రభాకరం గారు. ఆయన ముఖంలో దిగులేమీ కనబడలేదు.

నేను ఫైలు తెరిచాను. “యంత్రము కొనసాగించమంటారా అని అడుగుచున్నది. తగు ఉత్తర్వులకై సమర్పించడమైనది” అని గుండ్రంగా రాశాను. ప్రభాకరం గారు పక్కన ‘చర్చించండి’ అని రాశారు. నేను ఆయన ఎదురుగా కూర్చుని చర్చించాను. ‘చర్చించడమైనది’ అని రాసి, పైకి పంపాం.

ఇక ప్రశ్నను భద్రపరచాలి. కంప్యూటరు ఆపితే ప్రశ్న పోతుంది. అందుకని దాన్ని ఆపకూడదని రాసి గోడకు అంటించాం. ఎవరి చెయ్యీ మీటల మీద పడకుండా మర్నాడు మా ఇంటి నుంచి, కూరల మీద ఈగలు వాలకుండా బోర్లించే జాలీ మూత తెచ్చి కీబోర్డు మీద బోర్లించాను. సరిగ్గా సరిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మా అత్తగారు మూత ఏదని అడిగారు. ఆఫీసులో ప్రశ్న మీద ఉందని చెప్పాను. ఆవిడ నాకేసి చూసి, మా ఆయనకేసి చూసి, చారు పోసుకున్నారు.

ఆ మర్నాడే వీరవేణి వచ్చింది.

వీరవేణికి నలభై ఉంటాయి. పదిహేనేళ్ళు బావగారి నర్సరీలో అంట్లు కట్టి, కిందటేడు వేరే పొలం కౌలుకి తీసుకుని సొంతంగా బోర్డు పెట్టుకుంది. ఆ బోర్డు మీద ఆమెకు వచ్చిన మొదటి పెద్ద బేరం ఇది. ఒడిశాలో రాయగడ అవతల కొండ ఊళ్ళలో ఆడవాళ్ళంతా సంఘం పెట్టుకుని మామిడితోట వేస్తున్నారు. పద్దెనిమిది వందల గుంతలు తవ్వి, ఎరువు నింపి, మొక్కల కోసం కూర్చున్నారు. మా వాళ్ళు వెళ్ళి అంట్లను తనిఖీ చేసి రావడం కూడా అయిపోయింది. మిగిలింది పత్రం ఒక్కటే. లారీ గేటు బయట ఇంజను ఆపకుండా నిలబడి ఉంది.

“రాసిచ్చేయండి అరుంధతి గారూ, చల్లటి పూట బయల్దేరిపోతాం,” అంది.

“పుస్తకం తీసేసుకున్నారు వీరవేణీ. కంప్యూటరు ఇవ్వాలి.”

“ఇమ్మనండి మరి.”

“అది ప్రశ్న అడిగింది.”

ఆమె జాలీ మూత లోంచి కీబోర్డునూ, పైన తెరనూ చూసింది. “ఏటడిగిందండీ?”

“కొనసాగించమంటారా అని.”

“ఊఁ అనండి.”

“అనకూడదు.”

“ఊహూఁ అనండి పోనీ. ఏదోటి అనండీ బాబూ, అటు గుంతలు తీసుకుని కూర్చున్నారు!”

ప్రభాకరం గారు లోపలి నుంచి వచ్చి, శాఖ విధానాన్ని ఓపిగ్గా వివరించారు. వీరవేణి అంతా విని, బయటికి వెళ్ళి డ్రైవరుతో ఇంజను ఆపెయ్యమంది. డ్రైవరు అప్పలకొండ పార్వతీపురం వైపు మనిషి. “ఏటైనాది?” అన్నాడు. “మిషను అలిగిందంట,” అంది.

మొక్కల్ని మా ఆవరణలో పనసచెట్ల నీడన దించారు.

మూడో రోజు ప్రధాన కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. “మీరు సమర్పించిన ప్రశ్న ఆంగ్లమున ఉన్నది. తెలుగు అనువాదమును మూడు ప్రతులలో సమర్పించవలెను.”

నేను ‘కొనసాగించమంటారా?’ అని రాసి చూపించాను. ప్రభాకరం గారు పెదవి విరిచారు.

“కంప్యూటరు మన కింద పనిచేసేది. మనకు కింద ఉన్నది సంచాలకుల వారిని అలా నిలదీసినట్టు అడగొచ్చా? వినయం ఏదీ?”

చివరికి ‘తమరు ఆజ్ఞాపించినచో కొనసాగగలదానను, ఆజ్ఞాపింపగోరుచున్నాను’ అని తయారైంది. అందులో ప్రశ్న ఎక్కడా మిగల్లేదు గాని వినయం నిండుగా ఉంది.

ఆరో రోజు ఇంకోటి. “ప్రశ్న వేసిన వారి పేరు, హోదా, సర్వీసు వివరములు తెలుపబడలేదు.” పేరు: కంప్యూటరు. హోదా: కిటికీ పక్క బల్ల. చేరిన తేదీ: జూన్ ఒకటి. గతంలో చేసిన సర్వీసు: లేదు. సెలవులు: ఇంతవరకు పెట్టలేదు. ఇలా పూర్తి చేసి పంపాం. ఆఖరి వివరం మీద ప్రభాకరం గారు రెండు గీతలు గీశారు. మిగతా సిబ్బందికి ఆదర్శంగా ఉంటుందట.

ఈలోగా ఆఫీసు కళ మారిపోయింది. మొక్కలకు నీళ్ళు పోయడానికి వంతులు వేసుకున్నాం. ఉదయం నేను, మధ్యాహ్నం నాగజ్యోతి, సాయంత్రం ప్రభాకరం గారు స్వయంగా. ఆయన ప్యాంటు మడిచి, కుండతో ఒక్కొక్క సంచీకీ కొలిచినట్టు పోసేవారు. మొక్కల శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసినా మొక్కకు నీళ్ళు పోయడం అదే మొదలని, చాలా హాయిగా ఉందని నాతో అన్నారు. వీరవేణి రోజూ క్యారేజీ తెచ్చుకుని, నాగజ్యోతితో కలిసి వరండాలో తినేది. ఆమె చేసిన పనసపొట్టు కూర ముందు నా బెండకాయ వేపుడు చిన్నబోయింది.

కాని ఆమె నవ్వు రోజురోజుకీ తగ్గుతోంది. ఎనిమిదో రోజున ఒక సంచీ ఎత్తబోతే అది రాలేదు. గట్టిగా లాగితే అడుగున ఫట్‌మని చప్పుడైంది. వేళ్ళు సంచీ అడుగు చీల్చుకుని మా ఆఫీసు నేలలోకి దిగుతున్నాయి.

“చూశారా?” అంది. తెగిన వేళ్ళు చేతిలో పట్టుకుని ఉంది. “ఇంకో వారం ఉంచితే ఇవి ఇక్కడే ఉండిపోతాయి. పీకితే చచ్చిపోతాయి. అక్కడ మృగశిర వానలు పడతన్నాయంట. గుంతల్లో నీళ్ళు నిలబడతన్నాయని ఫోను మీద ఫోను. ఇంక నాలుగ్రోజులు చూసి మా బావ దగ్గర తెప్పించుకుంటారంట. ఆయన దగ్గర పాత పుస్తకం మీద ముందే రాయించుకున్న పత్రాలున్నాయి. ప్రతి అంటూ నా చేత్తో కట్టానండీ. మా బావ నవ్వుతాడు.”

నాకు తోచింది పైవాళ్ళను తొందరపెట్టడమే. తొమ్మిదో రోజున తెర ఫోటో తీయించి, ఇది నిజమైన ప్రశ్నకు నిజమైన ప్రతి అని ప్రభాకరం గారి చేత పచ్చసిరాతో సంతకం పెట్టించి, మనిషినిచ్చి పంపాను. పదో రోజు సాయంత్రానికి జవాబు వచ్చింది.

“ఛాయాచిత్రములు పరిగణింపబడవు. మూలప్రశ్నను జతపరచి పంపవలెను.”

ప్రభాకరం గారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కంప్యూటరుకేసి చూశారు. మూలప్రశ్న తెర మీద ఉంది. తెర కంప్యూటరుకు ఉంది. కంప్యూటరు గోడకు ఉంది.

“వై నొక్కడం తప్ప ఇంకేదైనా దారుందా?” అన్నారు చాలా నెమ్మదిగా.

“లారీ ఉందండి,” అంది వీరవేణి గుమ్మంలోంచి. “పెద్దాఫీసు మా దారిలోనే కదా. మీ డబ్బా, మా మొక్కలు ఒకే బండిలో ఎక్కిద్దాం. అక్కడ ఊఁ అనిపించుకుని, పత్రం తీసుకుని, నేనటు పోతాను. మీరిటు రండి.”

ప్రభాకరం గారు జీవితంలో ఎన్నడూ అంత తొందరగా ఒప్పుకోలేదు. నిజానికి ఒప్పుకున్నానని కూడా అనలేదు. ‘మూలప్రశ్న తరలింపు విషయము’ అని ఫైలు మీద రాశారు, అంతే.

పదకొండో రోజు పొద్దున్నే షామియానా షాపు నుంచి పెళ్ళిళ్ళలో మైకుకు వాడే బ్యాటరీ, ఇన్వర్టరు తెచ్చాం. నాగజ్యోతి ఊపిరి బిగబట్టి కంప్యూటరు తీగను గోడ నుంచి ఇన్వర్టరుకు మార్చింది. ఆ క్షణం సేపు కరెంటు అందిస్తూ, కంప్యూటరుతో వచ్చిన చిన్న యూపీయస్ డబ్బా కుయ్యోమంది. ప్రశ్న చెక్కు చెదరలేదు. లారీలో మామిడి అంట్ల మధ్య ఒక బల్ల వేసి తాళ్ళతో కట్టాం. బల్ల మీద కంప్యూటరు, ప్రింటరు. కీబోర్డు మీద మా ఇంటి జాలీ మూత. ప్రభాకరం గారు ముందు సీట్లో ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. మేం ముగ్గురం ఆడవాళ్ళం వెనక మొక్కల మధ్య కూర్చున్నాం. ప్రతి గతుకు దగ్గరా నేను రెండు చేతులతో మూతను అదిమిపెట్టేదాన్ని.

“ఏటమ్మా, లోపల కోడిపిల్లలా?” అని అరిచాడు రోడ్డు పక్క తాటిముంజెలమ్మే అతను.

“ప్రశ్న!” అని అరిచింది వీరవేణి. చాలా రోజులకి నవ్వింది.

రెండు గంటల ప్రయాణం తర్వాత చెక్‌పోస్టు వచ్చింది. మా శాఖదే. ఇన్‌స్పెక్టరు పైడిరాజు లారీ చుట్టూ ఒకసారి తిరిగి, ప్రభాకరం గారికి నమస్కారం పెట్టి, చెయ్యి చాపాడు.

“మొక్కలకి ఆరోగ్యపత్రం ఇప్పించండి సార్.”

“పత్రం ఇంకా రాలేదు పైడిరాజూ. పత్రం ఇచ్చే యంత్రం వస్తోంది.”

“యంత్రం వెళ్ళొచ్చండి. యంత్రానికి తెగుళ్ళుండవు. మొక్కలు వెళ్ళకూడదు.”

“యంత్రం వెళితేనే మొక్కలకి పత్రం వస్తుందయ్యా!”

“పత్రం వస్తేనే మొక్కలు కదులుతాయండి.”

“అయితే యంత్రం ఎలా వెళుతుంది?”

“మొక్కలు దింపేసి వెళ్ళొచ్చండి. కానీ ఇక్కడ దింపాలంటే కూడా పత్రం ఉండాలండి. చెక్‌పోస్టు ఆవరణలో తెగులు మొక్కలు ఉంచకూడదని రూలు.”

“ఇవి తెగులు మొక్కలు కావు!”

“ఆ ముక్కే కాగితం మీద ఇప్పించమంటున్నానండి.”

పైడిరాజును తప్పుపట్టలేం. అతను చెప్పిన ప్రతి మాటా మా శాఖే నేర్పింది. ప్రభాకరం గారు లారీ నీడలో నిలబడి, జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ అన్ని సర్క్యులర్లూ తిరగేశారు. ఎండ నడినెత్తికి వచ్చింది. తొమ్మిది రోజులు ఒకచోట ఉండి కదిలిన మొక్కలు చిగుళ్ళు వాల్చేశాయి. వీరవేణి తన కొంగు తడిపి వాటి మీద కప్పుతోంది. ఉన్నది ఒక్క కొంగు, మొక్కలు పద్దెనిమిది వందలు.

అప్పుడు ఇన్వర్టరు కీచుమంది.

“బ్యాటరీ అయిపోతందండి,” అంది నాగజ్యోతి. “ఓ పది నిమిషాలు.”

ప్రభాకరం గారి ముఖం పాలిపోయింది. “ప్రశ్న పోతుందా?”

“పోద్దండి.”

“ఉత్తర్వు రాకముందే పోతుందా? నా హయాంలో?” అని ఆయన రాయి మీద కూలబడ్డారు. ముప్ఫై నాలుగేళ్ళు కాపాడుకున్నది పది నిమిషాల్లో పోబోతోంది.

వీరవేణి లారీ దిగి పైడిరాజు దగ్గరికి వెళ్ళింది. చెక్‌పోస్టు గోడకు కూడా ఆ సర్క్యులరు అంటించి ఉంది.

“బాబూ, ఆ కాగితంలో ఎవర్ని నొక్కొద్దన్నారో ఓసారి చదువు.”

“దిగువ సిబ్బంది,” అని చదివాడు పైడిరాజు.

“నేను మీ సిబ్బందినా?”

“కాదమ్మా. మీరు దరఖాస్తుదారు.”

“దరఖాస్తుదారుని నొక్కొద్దని ఉందా?”

పైడిరాజు వేలు పెట్టి కింది వరకూ చదివాడు. వెనక వైపు కూడా తిప్పి చూశాడు. “లేదమ్మా. మీరు నొక్కుతారని ఎవరూ అనుకుని ఉండరు.”

వీరవేణి లారీ ఎక్కింది. నేను మూత మీది చేతులు తీసేశాను. తీసేశానని రికార్డులో ఎక్కడా లేదు. ఆమె మూత ఎత్తి నాకిచ్చి, “ఏది నొక్కాలే జ్యోతీ?” అంది.

“నేను చెప్పకూడదండి. నేను సిబ్బందినే,” అంది నాగజ్యోతి. తర్వాత పనసతొనలు గుర్తొచ్చిన దానిలా ఆకాశంలోకి చూస్తూ, “ఊరికే అంటున్నానండి. వై పెద్దక్షరంలో ఉంది కదండీ. అలా ఉంటే ఊఁ అననక్కర్లేదు, ఊహూఁ అననక్కర్లేదు. ఏ జవాబూ ఇవ్వకుండా ఉత్త ఎంటర్ మీట కొడితే చాలు, అదే ఊఁ అనుకుంటది. అందరికీ తెలిసిందే లెండి” అంది.

ప్రభాకరం గారు రాయి మీద నుంచి లేచారు.

“ఏమన్నావ్? ఏ జవాబూ ఇవ్వకుండానా?”

“అవునండి.”

“మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“అడక్కుండా చెప్పొద్దన్నారు కదండీ. ఎవరూ అడగలేదండి.”

ఆయన కళ్ళు తడిశాయి. “అంటే జవాబు ఎవరూ ఇవ్వలేదు! యంత్రమే స్వయంగా అనుకుంది! అమ్మా వీరవేణీ, జవాబు ఇవ్వకు. దేవుడి దయవల్ల ఏ జవాబూ ఇవ్వకు. ఎంటర్ కొట్టు!”

కొట్టింది.

నాగజ్యోతి ఫోను లోంచి ఇంటర్నెట్ అందుతోంది. తెర మీద అక్షరాలు చీమల బారులా కదిలాయి. గీతలు నిండాయి. రెండు నిమిషాల్లో హరితపత్ర వచ్చి కూర్చుంది. నాగజ్యోతి దాని పేరు కొట్టి, మొక్కల వివరాలు ఇచ్చింది. పత్రం ప్రింటు తీయమంటారా అని అది మళ్ళీ అడిగింది. మేము సర్క్యులరు గుర్తు చేసుకునే లోపలే వీరవేణి వేలు మళ్ళీ ఎంటర్ మీద ఉంది. ప్రింటరు గరగరమని పత్రాన్ని బయటికి తోసింది. నేను దాన్ని అందుకున్నానో లేదో ఇన్వర్టరు చివరిసారి కీచుమని, తెర ఆరిపోయింది.

ప్రభాకరం గారు లారీ బానెట్ మీద పెట్టి సంతకం చేశారు. పైడిరాజు పత్రం చదివి, ముద్ర వేసి, గేటు ఎత్తాడు.

“నడూ అప్పలకొండా!” అంది వీరవేణి. మమ్మల్ని, బల్లని, కంప్యూటరుని, ఖాళీ బ్యాటరీని చెక్‌పోస్టు దగ్గర దింపేసి, లారీ వెళ్ళిపోయింది. దుమ్ములోంచి ఆమె చెయ్యి ఒక్కటే కనబడింది. మేము ముగ్గురం బస్సులో వచ్చాం. కండక్టరు కంప్యూటరుకు లగేజీ కొట్టాడు. జాలీ మూత నా ఒళ్ళో పెట్టుకున్నాను.

జరిగినదంతా నేను నివేదిక రాశాను. “సదరు ప్రశ్నకు సిబ్బందిలో ఎవరును సమాధానమివ్వలేదు. యంత్రము తనంతట తానే సమాధానపడినది.” ప్రధాన కార్యాలయం నుంచి ఒక్క ఆక్షేపణ రాలేదు. పైగా ఈ పద్ధతి మెచ్చుకోదగినదని, ఇకపై అన్ని ఆఫీసుల్లోనూ ఎంటర్ మీటను దరఖాస్తుదారులే నొక్కవలెనని, అందుకొక స్టూలు వేయించవలెనని ఉత్తర్వు వచ్చింది. స్టూలు వేయించాం. జాలీ మూత కూడా అక్కడే ఉంచేశాం. దాన్ని కూడా ఉత్తర్వులో చేర్చారు. ఇప్పుడు జిల్లాలో ఏ ఆఫీసులో చూసినా కీబోర్డుల మీద కూరల మూతలున్నాయి. మా ఇంట్లో కూరల మీద ఈగలున్నాయి.

కార్తీకమాసంలో వీరవేణి రెండో లారీకి పత్రం కోసం వచ్చింది. స్టూలు మీద కూర్చుని, మూత ఎత్తి, ఎవరి వైపూ చూడకుండా ఎంటర్ కొట్టుకుంటోంది. అప్పుడే తపాలు వచ్చింది. ప్రధాన కార్యాలయం, పెద్ద కవరు, సంచాలకుల వారి స్వహస్తాల సంతకం. జూన్‌లో మేము పంపిన ప్రశ్న ఏడు బల్లలు దాటి, న్యాయ సలహా కూడా పొంది, నిర్ణయమై వచ్చింది.

ప్రభాకరం గారు చదివారు. మళ్ళీ చదివారు. రిటైర్మెంటు ఇంకా నెలన్నర ఉంది.

“ఏటండీ?” అంది వీరవేణి.

“‘కొనసాగించరాదు’ అని ఉత్తర్వు.”

“దేన్నండీ?”

“హరితపత్రని. అంటే నీ పత్రం చెల్లదు. అంటే... ఆ మొక్కలు వెళ్ళకూడదమ్మా.”

“ఏ మొక్కలండీ?”

“జూన్‌లో వెళ్ళినవి.”

వీరవేణి ఫోను తీసి ఆయన ముందు పెట్టింది. కొండ వాలు మీద వరసలు వరసలుగా మామిడి మొక్కలు, ఒక్కోటీ మోకాలెత్తు. ఎర్రటి కొత్త చిగుళ్ళు. ప్రతి వరస దగ్గరా ఎవరో ఒక ఆడమనిషి, ఫోటో కోసం కొంగు సర్దుకుని నిలబడి ఉంది.

“ఇవేనండి. వెనక్కి రమ్మని కాగితం రాసివ్వండి. ఎల్లుండి నేనెలాగూ వెళతాను కదా, పట్టుకెళ్ళి వాటికి చూపిస్తాను.”

నాగజ్యోతి నోరు చేత్తో మూసుకుంది. నేను కిటికీలోంచి బయటికి చూశాను. ప్రభాకరం గారు మాత్రం నవ్వలేదు. ఆ ఫోటోకేసి చాలాసేపు చూశారు. తర్వాత కళ్ళజోడు తుడుచుకుని, కలం తీసి, ఫైలు నా వైపు జరిపారు.

“మూడు ప్రతులు రాయండి అరుంధతి గారూ,” అన్నారు. “ఒకటి ఒడియాలో.”